చేపపిల్లల వ్యాను డైనమోని

నేను ఒక డైనమోని. కాగితాల మీద నా పేరు ఆల్టర్నేటరట. ఆ పేరుతో పిలిచిన నాథుడు ఇంతవరకూ కనబడలేదు. ఇంజను పక్కన బెల్టుతో పాటు తిరగడం, కరెంటు పుట్టించి బ్యాటరీని నింపడం నా ఉద్యోగం. ఫ్యాక్టరీలో రాగితీగ చుట్టి, పరీక్ష పెట్టి, పాసయ్యాకే బయటికి పంపారు. మొదట పెళ్లిళ్లకి తిరిగే ఒక జీపులో చేశాను. అది తుక్కుకి పోతే, నేను మాత్రం భీమవరం తాతారావు చేతికొచ్చాను.

తాతారావుది చేపపిల్లల వ్యాను. వెనక తొట్లనిండా పిల్లలు. ఆ నీళ్లలోకి గాలి కొట్టే మోటారు బ్యాటరీ మీద నడుస్తుంది. అది ఆగితే పిల్లలకి ఊపిరాడదు. అంటే అన్ని ప్రాణాలూ నా మీదే. గర్వం అనుకున్నా సరే, ఉన్నమాట.

మొన్న దసరాకి ఆయుధపూజ అన్నాడు. బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తే సరిపోదూ? పెయింటరుని పిలిచి, ఇంజను కింద చట్రానికి కూడా నిగనిగలాడే నీలంరంగు కొట్టించాడు. ఊడదీసిన తీగలన్నీ ఆ రంగు మీదే బిగించారు. అక్కణ్నుంచి మొదలయ్యాయి నా కష్టాలు. పొద్దున్నే ఇంజనుని లేపే సెల్ఫ్ మూలిగేది. కొత్త బ్యాటరీ వేస్తే వారానికి అదీ పడుకుంది. ఒక మెకానిక్కు నన్ను విప్పి, మళ్లీ బిగించి, "దీని పనైపోయిందండీ, తుక్కులో పడేయండి" అని తీర్పిచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నా కరెంటులో వీసమెత్తు తగ్గలేదు, ఎవరైనా కొలిచి చూస్తే కదా!

ఇవాళ మధ్యాహ్నం కైకలూరు దారిలో, తొట్లు నిండుగా ఉండగా, గాలిమోటారు నీరసించింది. తాతారావు ఎలక్ట్రీషియన్ సిలార్ సాయిబు కొట్టు ముందు వ్యాను ఆపి, ఇంజను ఆపకుండానే దూకాడు.

"సాయిబుగారూ, పిల్లలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయండీ! ఆ డైనమో పీకేసి ఇంకోటి పెట్టేయండి బాబూ!"

"పీకడం ఎంతసేపండీ? ముందు కొలవనివ్వండి."

మీటరు తీగలు రెండూ నాకే ఆనించాడు. పద్నాలుగు వోల్టులు. "దీనికేం, గుండ్రాయిలా ఉంది!" అన్నాడు. హమ్మయ్య, ఒక్క మనిషన్నా దొరికాడు! బ్యాటరీ దగ్గర చూస్తే పన్నెండు కూడా లేదు. తర్వాత ఒక తీగ నా ఒంటికి, రెండోది బ్యాటరీ మైనస్‌కి పెట్టాడు. రెండు వోల్టులు అక్కడే తప్పిపోతున్నాయి. నేను పంపిన కరెంటు తిరిగి నా దగ్గరికి రావాలంటే ఇంజనుకీ చట్రానికీ మధ్య ఉన్న ఎర్తు తీగే దారి. సిలార్ వంగి దాన్ని చూశాడు.

"ఇదిగో దొంగ! రంగు మీద బిగించారు. రంగులోంచి కరెంటు ఎలా పోద్దండీ? గీకెయ్యాలి."

"అమ్మవారి పేరు చెప్పి కొట్టించిన రంగండీ..." తాతారావు నసిగాడు.

"ఆవిడేం అనుకోదు లెండి. ఓసారి తొట్లోకి చూడండి."

చూశాడు. చూసి, ఇంజను ఆపి, గరుకు కాగితం సిలార్ చేతిలోంచి లాక్కుని, ఇనుము తెల్లగా తేలేదాకా తనే గీకాడు. సిలార్ తీగ బిగించి, తన కొట్లో బ్యాటరీ తగిలించి ఇంజను తిప్పాడు. కాసేపటికి మా బ్యాటరీ దగ్గరా పద్నాలుగు. గాలిమోటారు బుస్సుమంది. పిల్లలు ఒక్కొక్కటే అడుక్కి దిగి ఈదులాడాయి.

తాతారావు కళ్లు తుడుచుకున్నాడు. "ఊరికే నిన్ను తిట్టిపోశానే తల్లీ" అంటూ ప్రేమగా నా మీద చెయ్యేసి, చురుక్కుమంటే గబుక్కున లాక్కున్నాడు.

ఏం చెయ్యను, పనిలో ఉన్నాను మరి.