ఆరున్నరకు వచ్చే కనెక్షన్

నెట్ నత్తనడక నడుస్తోందని అక్సా రౌటర్ పేజీ తెరిచింది. బయటినుంచి ఇంట్లోకి రాబోయిన కనెక్షన్ల చిట్టా చాంతాడంత ఉంది. కొత్తగూడెం క్వార్టర్స్‌లోని ఆ ఇంట్లో ఉండేది తనూ, పక్షవాతంతో మంచాన పడ్డ తల్లి విశ్రాంతమ్మా. వీళ్లింట్లో ఎవడికేం పని?

నెట్ పెట్టిన కోటేష్‌కు ఫోన్ చేసింది.

“బ్లాక్ అని ఉన్నయా? ఐతే ఫికర్ చెయ్యకక్కా. ఎక్కడెక్కడి మిషన్లు ఊరందరి తలుపులు గట్లనే తట్టిపోతయ్. లోపలికి రాలే.”

“మరి అలౌడ్ అని ఉన్నదేంది? రోజూ పొద్దుగాల ఆరున్నరకు. ఇరవై నిమిషాలు.”

కోటేష్ ఆ వరుసలో ఉన్న ఐపీ నంబర్ చదివించుకున్నాడు. “అది కెమెరా లైనక్కా. నువ్వు బడి నుంచి అమ్మను చూసుకునేటందుకు నేనే తెరిచిన. ఆ నంబర్ మనూరి కనెక్షన్‌దే. పాస్‌వర్డ్ ఎవరికన్న చెప్పినవా?”

ఎవరికీ చెప్పలేదు. చెప్పే అవసరమేముంది, గోడమీదే వేలాడుతుంటే! చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధనప్పుడు పంచిన బైబిల్ వాగ్దాన వచనం కార్డు. దానిమీది అధ్యాయం, వచనం అంకెలే ఆమె పాస్‌వర్డ్. సంఘంలో అరవై ఇళ్ల గోడలమీద అదే కార్డు. తన తెలివికి తనకే చీదర పుట్టింది.

పొద్దున ఆరున్నర అంటే తల్లి బట్టలు విప్పి, వేడినీళ్ల గుడ్డతో ఒళ్లు తుడిచే వేళ. నర్సు ముందు కూడా సిగ్గుతో కళ్లు మూసుకునే మనిషిని ఎవడో రోజూ కూర్చుని చూస్తున్నాడు. వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది అక్సాకు. కానీ ఆ అరవై ఇళ్లలో వాడెవడు? లేచి కెమెరామీద తువ్వాలు కప్పింది.

సాయంత్రం ఎప్పటిలాగే సంఘ పెద్ద ఆంథోని ప్రార్థనకు వచ్చాడు. విశ్రాంతమ్మ నుదుట చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, గొంతు వణికిస్తూ చాలాసేపు ప్రార్థించాడు. ఆమేన్ అన్నాక జాలిగా నిట్టూర్చాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.

“నడుం మీది పుండు మానిందా బిడ్డా?”

ఆ పుండు లేచింది మొన్ననే. అక్సా ఎవరికీ చెప్పలేదు. తల్లి నుదుటిమీది ఆ చేతిని విసిరికొట్టింది. తాకినందుకు తన వేళ్లను కొంగుకు తుడుచుకుంది.

“ఇయ్యాల పొద్దుగాల మీకు సరిగ్గ కనిపియ్యలేదా పెద్దనాయనా?”

ఆంథోని ఆమె వైపు చూడలేదు. తువ్వాలు కప్పిన మూలకేసి చూశాడు.