కుడి ఇంజన్ ఆపేశాం

విమానంలో ఆయన కెప్టెన్, ఆమె క్యాబిన్ సిబ్బందికి పెద్ద. ఇంట్లో ఆయన ఆమెకు బావగారు, భర్తకు స్వయానా అన్న. ఇంట్లో ఆయన ముందు గొంతెత్తిన కోడలు లేదు. విమానంలోనైతే అసలు గొంతున్నవాళ్లే లేరు. ల్యాండింగ్ ముందు కాక్‌పిట్‌కి ఫోన్ చేసి కాఫీ సంగతి అడిగిన ఎయిర్ హోస్టెస్‌ని, దిగాక అందరి ముందూ కడిగి పారేశాడు. అప్పటినుంచీ ఆయన ఫ్లైట్‌లో ఆ ఫోన్ ముట్టుకోవడమంటే పులి నోట్లో తల పెట్టడమే.

ఆ మధ్యాహ్నం పైకెక్కిన కాసేపటికే పెద్ద చప్పుడైంది. ట్రాలీలో కప్పులు గలగలలాడాయి, సీట్లు వణికాయి, కాలిన వాసన వచ్చింది. ఆమె ట్రాలీని లోపలికి నెట్టి గొళ్లెం వేసి, "బెల్టులు పెట్టుకోండి, బెల్టులు" అంటూ నడిచింది. కొంతసేపటికి కుదుపు తగ్గింది. మైకులో బావగారి గొంతు, పెళ్లికి పిలుస్తున్నంత నిదానంగా వినిపించింది.

"కుడి ఇంజన్‌లో చిన్న ఇబ్బంది. దాన్ని ఆపేశాం. రెండోదానితో దగ్గర్లో దిగుతున్నాం. కంగారేం లేదు."

జనం ఊపిరి పీల్చుకున్నారు. ఎడమ కిటికీ పక్కనున్న టీచరమ్మ మాత్రం ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, పిల్లలకి కుడి ఎడమలు నేర్పేదాన్ని నేను. నిప్పురవ్వలు వస్తున్నది ఇటుపక్క కదా?"

ఆమె వంగి చూసింది. ఎడమ ఇంజన్ వెనక రవ్వలు, మధ్యమధ్య మంట. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. బాగున్నదాన్ని ఆపి, చెడినదాన్ని నమ్ముకుని నడుపుతున్నారు.

వెనక్కి పరుగెత్తి ఫోన్ తీసింది. ఎడమ ఇంజన్ మండుతోంది, మీరు ఆపింది మంచిదాన్ని. చెప్పాల్సింది ఇంతే. నోట్లోంచి వచ్చింది వేరు.

"సారీ సార్, డిస్టర్బ్ చేస్తున్నాను. ఎడమవైపు కూడా కొంచెం ఏదో... వీలైతే ఒకసారి చూస్తారా?"

"కుదుపు తగ్గిందా లేదా?"

"తగ్గింది సార్."

"మరింకేం? కూర్చోమ్మా. దిగేటప్పుడు ఈ ఫోన్లేంటి?"

"సరే సార్."

ఇక్కడే ఒళ్లు మండుతుంది. కుదుపు తగ్గింది కుడిదాన్ని ఆపినందుకు కాదు. కిందికి దిగుతున్నారు గనక ఎడమదానికి పని తగ్గినందుకు. ఆమెకు ఆ లెక్క తెలియదు, కానీ మంటని కళ్లారా చూసింది. లెక్క తెలియాల్సిన కో-పైలట్ ఆయన పక్కనే కూర్చుని గంగిరెద్దులా తలూపాడు. మొహమాటం కొంపలు ముంచుతుంది. ఇక్కడ మునగబోయేది ఒక్కరి కొంప కాదు.

ఆమె కూర్చుంది. కూర్చోగలిగింది, అదే ఘోరం. కింద ఇళ్ల కప్పులు కనిపించాయి. రన్‌వే అందుకోవడానికి ఎడమ ఇంజన్ జోరు పెంచారు. అది ఢామ్మని పేలింది.

ఆమె ఫోన్ లాక్కుని అరిచింది. "బావగారూ! కాలుతున్నది ఎడమది! మంచిదాన్ని ఆపేశారు!"

అవతల టకటకా స్విచ్‌లు నొక్కిన చప్పుడైంది. తర్వాత కుడి ఇంజన్ మళ్లీ తిరగడం మొదలైంది. కానీ విమానానికి ఎత్తు చాల్లేదు.

రన్‌వే ఇవతలి బీడులో పడ్డారు. విమానం నడిమికి విరిగింది. టీచరమ్మ కూర్చున్న వరస నుంచి ఒక్కరూ బతికి రాలేదు.

ఆసుపత్రిలో ఆయన రెండు కాళ్లకీ కట్లు. మెడకి పట్టీతో చూడబోయిన ఆమెని తోటికోడలు తలుపు దగ్గరే ఆపింది. "ఆ సంగతి ఎత్తకు తల్లీ. అసలే సగమైపోయారు."

ఆమె ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు.

"కుడిది అందుకుందమ్మా. ఇంకాస్త ఎత్తుండగా తిరిగుంటే దిగేసేవాళ్లం." కాళ్ల కట్ల వంక చూసుకుని అన్నాడు, "మొదటిసారే అలా అరవాల్సింది నువ్వు."

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మంచం పక్కన కూర్చున్న తోటికోడలు వద్దని కనుసైగ చేసింది.

"అరిస్తే వింటారని ఎప్పుడైనా అనిపించనిచ్చారా, బావగారూ?"

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. "ఈ అమ్మాయిని బయటికి తీసుకెళ్లు," అన్నాడు భార్యతో.

తోటికోడలు కుర్చీలోంచి లేవలేదు.