రాణిని మింగిన సీసా

నేను ఒక గాజు సీసాను. పొట్ట పెద్దది, మూతి వెడల్పు, దయ లేదు. కొలిమిలో కాలి పుట్టినదాన్ని, నాకు దయ ఎక్కడినుంచి వస్తుంది?

నా మొదటి కొలువు అనకాపల్లిలో, గవర్రాజు బెల్లం కొట్లో. నన్ను పటికబెల్లంతో నింపి గల్లా పక్కన కూర్చోబెట్టాడు. గవర్రాజు ధర్మాత్ముడు. శనివారం పొద్దున్నే తలంటుకుని, శనిపీడ పోవాలని కొట్టు వెనక చీమల పుట్టలకు పంచదార చల్లేవాడు. ఆ రుచి మరిగి అవి కొట్లోకి బారులు తీరితే, మధ్యాహ్నం అదే చేత్తో చీమల మందు చల్లేవాడు. పుణ్యమూ దక్కేది, బెల్లమూ దక్కేది. మనుషుల సంగతి నాకు అక్కడే అర్థమైంది.

ఆయన మేనకోడలు హైమావతి చీమల మీద పరిశోధన చేస్తోంది. ఒకరోజు కొట్టుకొచ్చి నన్ను ఇమ్మని అడిగింది.

"ఏటి సేత్తావే దీన్ని?"

"చీమల్ని చంపడానికి మావయ్యా."

"పాపం తగుల్తాదే అమ్మా!" అన్నాడు గవర్రాజు, చేతికంటిన మందు దులుపుకుంటూ.

హైమావతి నా అడుగున ప్లాస్టరు పోసి ఆరబెట్టింది. దాని మీద ఘాటైన మందు నాలుగు చుక్కలు వేసి మూత బిగిస్తే, లోపల పడ్డ పురుగు కాసేపట్లో కాళ్లు ముడుచుకుంటుంది. నాకా పని బాగా నచ్చింది. పటికబెల్లం మోయడంకన్నా మర్యాదగా ఉంది. చచ్చినవాటిని ఆమె భూతద్దం కింద పెట్టి చూసేది. మీసాలు మోచేయిలా వంగితే చీమ. పూసల దండలా తిన్నగా ఉంటే చెదపురుగు, జనం దాన్ని తెల్లచీమ అంటే అననీ. ఛాతీకీ పొట్టకీ మధ్య సన్నటి నడుము, దాని మీద చిన్న ముడి. గండుచీమకు ముడి ఒకటే, కుట్టే ఎర్రచీమకు రెండు. బతికున్నన్నాళ్లూ ఎవరికీ పట్టని నడుము, చచ్చాక ఎంత ముఖ్యమైపోయిందో!

ఒక కొండవాలున జీడిమామిడి తోటలో, రాయి కింద, వీపు మీద కొక్కేల్లాంటి ముళ్లున్న చీమ ఆమెకు దొరికింది. ఏ పుస్తకంలోనూ లేని చీమ. గూడంతా పెట్టెలో తెచ్చుకుంది. తర్వాత ఆ కొండను క్వారీవాళ్లు పిండి చేశారు. ఎంత వెతికినా ఇంకో గూడు కనబడలేదు. ఆ జాతికి మిగిలింది ఆ పెట్టే. అందులో రాణి ఒక్కతే. పెళ్లినాడే తన రెక్కలు తానే విరుచుకున్న గుర్తులు భుజాల మీద ఇంకా ఉన్నాయి. గుడ్లు పెట్టడం తప్ప ఆమె ఏలిన రాజ్యం ఏమీ లేదు.

హైమావతి గైడు ప్రొఫెసర్ జోగారావుగారు ఒకరోజు ల్యాబుకొచ్చి పెట్టెలోకి తొంగిచూశారు.

"రాణిని సీసాలో వెయ్యమ్మా. రాణి నమూనా లేకుండా కొత్త జాతంటే ఎవరు ఒప్పుకుంటారు?"

"రాణి పోతే గూడు మొత్తం పోతుంది సార్. వానలు పడితే రెక్కల పిల్లరాణులు బయటికొస్తాయి. అప్పుడు ఒకదాన్ని తీద్దాం. ఈ జాతికి మీ పేరే పెడదామనుకుంటున్నాను."

"పేరు పెట్టు, తప్పులేదు. కానీ నేను ఎండల్లోనే రిటైరవుతున్నా. నీ థీసిస్ మీద సంతకం ఎవరిచేత పెట్టించుకుంటావు? వానదేవుడిచేతా?"

శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఆ గదిలో శివుడు జోగారావుగారే.

హైమావతి రాణిని పట్టకారుతో ఎత్తింది. పనిచీమలు రాణి కాళ్లు కరిచిపట్టుకుని వేలాడాయి. వాటిని కుంచెతో ఒక్కొక్కటే విడదీసింది. రాణిది గట్టి ప్రాణం. నా గోడలకు ఒళ్లు రాసుకుంటూ చాలాసేపు పెనుగులాడి, చివరికి అడుగున ఒరిగింది. హైమావతి మొహం తిప్పుకుంది. నేను తిప్పుకోలేదు. నాకు చూడాలనే ఉంది.

మర్నాడు పెట్టెలో అల్లకల్లోలం. పనిచీమలు పిల్లలను గాలికొదిలి రాణి కోసం పరుగులు పెడుతున్నాయి. హైమావతి అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. రాణిని నమూనాకు తీసేశాక నాలో మందు ఘాటు ఆరిపోయింది, రాణి ఒంటి వాసన మాత్రం మిగిలింది. చీమకు కంటికన్నా వాసనే నిజం. ఆమె నన్ను పెట్టెలో పక్కకు పడుకోబెట్టింది.

"ఈ వాసనతోనైనా కుదుటపడండమ్మా. వానల దాకా పిల్లల్ని సాకండి. వాటిలో ఒక్క రాణి ఉన్నా చాలు," అంది.

అవి ఒక్కొక్కటే లోపలికొచ్చాయి. నన్ను నాకాయి, తుడిచాయి. పిల్లలను మోసుకొచ్చి నా కడుపులో పేర్చుకున్నాయి. రాణిని చంపినదానికి ఇంత ఊడిగం! నాకు నవ్వొచ్చింది. హైమావతి కూడా నవ్వింది, ఎన్నాళ్లకో.

అప్పుడే జోగారావుగారు టీ గ్లాసుతో వచ్చి వంగి చూశారు.

"భేష్! నమూనాలకు పనిచీమలూ పిల్లలూ ఎలా ఏరాలా అనుకుంటున్నా. అన్నీ వాటంతటవే ఎక్కేశాయి. మందు వేసి మూత పెట్టమ్మా."

"సార్, వానలు..."

"సంతకం కావాలా, వద్దా?"

హైమావతి నన్ను మెల్లగా నిలబెట్టి నాలుగు చుక్కలు వేసింది. మూత గట్టిగానే బిగిసింది.

ఘాటు తగలగానే అవి మూత వైపు పరుగెత్తుతాయనుకున్నాను. పరుగెత్తలేదు. పిల్లలను నోట కరుచుకుని, రాణి వాసన ఎక్కువగా ఉన్న చోటికి, నా అడుగుకు దిగాయి. మందు పడింది కూడా అక్కడే.