సత్తయ్య పోగు

బందరు గొడుగుపేటలో సోడా కొట్టు పైన ఒక మేడ ఉండేది. కింద సోడా బుడ్డి కొట్టిన చప్పుడు, ముందుగదిలో టైపు మిషన్ల చప్పుడు, వెనకగదిలో వెంకట్రామయ్య గారి గొంతు. ఈ మూడూ కలిస్తే మా బుక్ కీపింగ్ క్లాసు. ఆ మేడ ఇప్పుడు లేదు. ఆ వీధిలో వెళ్లాల్సి వస్తే నేను తల పైకెత్తి చూడను. చూస్తే ఆకాశం కనిపిస్తుంది, ఒళ్లు మండుతుంది.

అది యాభై ఏడో సంవత్సరం. ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లకి సాయంత్రం పూట పద్దులు రాయడం నేర్పి, సర్కారువారి పరీక్షకి పంపించేవారు వెంకట్రామయ్య గారు. బాంకులో పనిచేసి రిటైరైన మనిషి. సన్నగా, భుజాన తెల్లటి ఉత్తరీయంతో, ఏ మొత్తాన్నీ రెండోసారి కూడనిదే నమ్మని కళ్లతో ఉండేవారు. క్లాసు టైము బోర్డు మీద రాసి ఉండేది గానీ అదంతా అలంకారానికే. గుడివాడ వైపు నుంచి పాసింజరు బండి వస్తేనే క్లాసు మొదలు. ఎందుకంటే మా ఆయన రత్నరాజు ఆ బండిలో దిగాలి.

రత్నరాజు గుడ్లవల్లేరులో రైసు మిల్లు గుమాస్తా. పరీక్ష పాసైతే అకౌంటెంటుని చేస్తానని మిల్లు యజమాని మాటిచ్చాడు. నేను మిషన్ ఆసుపత్రి మందుల స్టోరులో చీటీలు రాసేదాన్ని. "నువ్వూ రా భాగ్యం, తోడుగా ఉంటుంది" అని పిలిస్తే వెళ్లాను. తోడుకని వెళ్లినదాన్ని ఆయనకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే నా మనసు కుదుటపడుతుంది.

మొదట్లో గది నిండా ఉండేవాళ్లం. తరుగుదల పాఠం దగ్గర కొందరు, హుండీల పాఠం దగ్గర కొందరు మెల్లగా జారుకున్నారు. చివరికి మిగిలింది మేమిద్దరం, ధనరాజు.

ధనరాజుది గిలకలదిండి అవతల పల్లెపాలెం. చీకటితో వేటకి వెళ్లి, మధ్యాహ్నానికి ఒడ్డుకొచ్చి, స్నానం చేసి తలకి నూనె రాసుకుని సైకిలు మీద క్లాసుకొచ్చేవాడు. థర్డ్ ఫారం దాకా చదివాడు. కలం పట్టుకుంటే తెడ్డు పట్టుకున్నట్టే ఉండేది. వచ్చిన రోజే మా ఆయన్ని "బావా" అన్నాడు. దాంతో నేను చెల్లెమ్మనైపోయాను.

"పుచ్చుకున్నవాడికి డెబిట్, ఇచ్చినవాడికి క్రెడిట్" అని మేస్టారు చెప్పిన రోజున ధనరాజు లేచి నించున్నాడు.

"మాకిచ్చేది సముద్రమండి. మరి సముద్రం పేరున క్రెడిట్ రాయాలాండి?"

మా ఆయన నవ్వు దాచుకోవడానికి బల్ల కింద పెన్సిలు వెతికాడు. మేస్టారు మాత్రం నవ్వలేదు. "సముద్రానికి ఖాతా ఉండదయ్యా, కూర్చో" అన్నారు.

శనివారం శనివారం ధనరాజు తాటాకు బుట్టలో చేపలు తెచ్చేవాడు. ఒకసారి చందువలు, ఒకసారి కానాగంతలు, అదృష్టం బాగుంటే రొయ్యలు. క్లాసయ్యాక వెనక వసారాలో ఈత చాప పరిచి మూడు పోగులు పెట్టేవాడు. తనకొకటి, రత్నరాజుకొకటి, నాకొకటి.

"మొగుడూ పెళ్లాలవి ఒకే కూర కుండలోకి పోయేవేగా, రెండు పోగులెందుకయ్యా?" అన్నారు మేస్టారు.

"ఇంట్లో ఒకటేనండి. క్లాసులో ఇద్దరుగదండి" అన్నాడు ధనరాజు.

పోగులు పెట్టాక పంచడానికి వాళ్ల పల్లెలో ఒక పద్ధతి ఉంది. ఒకరు వెనక్కి తిరిగి నించుంటారు. ఇంకొకరు ఒక పోగు మీద చెయ్యి వేసి "ఇదెవరికి?" అని అడుగుతారు. తిరిగి నించున్నవాళ్లు ఒక పేరు చెబుతారు. చూడకుండా చెప్పిన పేరు గనక ఎక్కువ తక్కువలని తగువు రాదు. తిరిగి నించునే మనిషికి మాత్రం అందులో పోగు ఉండకూడదు.

ఆ మేడ మీద పోగు లేని మనిషి ఒక్కరే. ఆయన చేపల వాసనకే మొహం తిప్పుకునే శాకాహారి. రత్నరాజు నసుగుతూ ఆయన్నే అడిగాడు. మేస్టారు మా ముగ్గురి వంకా కోపంగా చూశారు. తరవాత ఉత్తరీయం ముక్కుకి అడ్డంగా కట్టుకుని గోడవైపు తిరిగారు. "ఊఁ, కానివ్వండి" అన్నారు. బాంకు వదిలాక ఆయన్ని తగువు తీర్చమని ఎవరూ పిలవలేదేమో, ఆ పని ఆయనకి నచ్చింది. చివరి పేరు చెప్పాక గోడకేసి చూస్తూనే "అందరికీ అందాయా?" అని అడిగేవారు. "అందాయండీ" అని మేం ముగ్గురం అంటేనే ఇటు తిరిగేవారు. ఆ తరవాత కాళ్లూ చేతులూ కడుక్కునేవారు, అది వేరే సంగతి.

ధనరాజు ఎందుకు చదువుతున్నాడో మాకు కొంత కాలానికి గానీ తెలియలేదు. వాళ్ల పల్లెలో మత్స్యకారుల సహకార సంఘం పెడుతున్నారు. దానికి కార్యదర్శి కావాలంటే బుక్ కీపింగ్ పరీక్ష పాసై ఉండాలి. పల్లెలో ఎవరూ లేకపోతే బయటనుంచి ఒక గుమాస్తాని వేస్తామన్నారు.

"వేస్తే వేస్తారు, నీకేం నష్టం?" అన్నాను నేను. నాకు మాట దాచుకోవడం చేతకాదు.

"బయటోడొస్తే చేతులు లెక్కేస్తాడు చెల్లెమ్మా" అన్నాడు ధనరాజు. "వల లాగిన చేతులు. మా పున్నమ్మక్క వల లాగదు."

అప్పటికి అంతే చెప్పాడు. పరీక్ష దగ్గరపడ్డాక మిగతాది తెలిసింది.

మేస్టారు ఒక రోజు నమూనా ప్రశ్న ఇచ్చారు. ముగ్గురు భాగస్థులు వ్యాపారం చేస్తుంటారు. వాళ్లలో ఒకడు చనిపోతాడు. అతని వాటా తేల్చి, వారసులకి ఇవ్వాల్సింది ఇచ్చేసి, అతని ఖాతా మూసెయ్యాలి. అక్కణ్ణుంచి లాభం మిగతా ఇద్దరిదే. "ఇది ప్రతి ఏడూ ఇస్తారు. దీన్ని వదిలినవాడు పరీక్షని వదిలినట్టే" అన్నారు.

ధనరాజు కాగితం చూసి మేస్టారు ఎర్ర పెన్సిలుతో ఈ మూల నుంచి ఆ మూలకి ఇంటూ కొట్టారు. చనిపోయినవాడి ఖాతా మూయలేదు అతను. ఏడాది చివర లాభంలో అతని వాటా అతనికే వేసి, పక్కన "భార్యకి ఇవ్వవలెను" అని రాశాడు.

"చచ్చిపోయాడని ప్రశ్నలోనే ఉందిగదయ్యా" అన్నారు మేస్టారు.

"ఉందండి. పెళ్లాం బతికే ఉందిగదండి."

"ఆమెకి రావాల్సింది ఒకేసారి ఇచ్చేశాంగా."

"ఒకేసారి ఇస్తే ఒకేసారి తినేస్తదండి. రేపో?"

మేస్టారికి కోపం వచ్చింది. "ఇది లెక్క. మీ పల్లె కాదు. పోయినవాడి ఖాతా మూయడం రానివాడికి సర్టిఫికెట్టు ఎవడూ ఇవ్వడు."

ధనరాజు కాగితం మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ శనివారమూ రాలేదు. క్లాసయ్యాక మేస్టారు వసారాలోకి వెళ్లి, ఖాళీ చాప చూసి తిరిగొచ్చారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. పాఠం తప్పు చెప్పలేదు కదా ఆయన.

ఆదివారం చర్చి అవగానే రత్నరాజు, "పద భాగ్యం, ధనరాజు సంగతి చూసొద్దాం" అన్నాడు. తెల్ల చీర ఇసకలో ఈడ్చుకుంటూ పల్లెపాలెం ఒడ్డుకి వెళ్లాను. అప్పుడే నావ వచ్చింది. ఇసక మీద పోగులు పెడుతున్నారు. ఒక ముసలాయన సముద్రానికి వీపుపెట్టి, ఊరివైపు తిరిగి నించున్నాడు.

"ఇదెవరికి?"

"ధనరాజుకి."

"ఇదెవరికి?"

"సత్తయ్యకి."

ఒక నడివయసు ఆడమనిషి ముందుకొచ్చి ఆ పోగుని ఒళ్లోకి ఎత్తుకుంది. ఆమే పున్నమ్మ. సత్తయ్య ఆమె మొగుడు, ధనరాజుకి బావ. ఇద్దరూ ఒకే నావ మీద వెళ్లేవారట. ఒక తుఫానులో సత్తయ్య తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆ నావ ఒడ్డుకొచ్చిన ప్రతిసారీ సత్తయ్య పేరు పిలుస్తూనే ఉన్నారు. పున్నమ్మ పోగు అనరు, సత్తయ్య పోగే అంటారు. ఆమె ఎవరిదగ్గరా చెయ్యి చాచినట్టు కాదు, మొగుడి కష్టం ఇంటికి తెచ్చుకున్నట్టు.

మేస్టారి ఎర్ర పెన్సిలు ఎక్కడ తగిలిందో నాకప్పుడు అర్థమైంది.

రత్నరాజు ధనరాజు పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చెప్పాడు. పరీక్ష పాసైతే ఈ పోగు ఉంటుంది, తప్పితే పోతుంది, ఆ ఒక్క లెక్క వాళ్లు అడిగినట్టు రాసెయ్యమన్నాడు. ధనరాజు ఇసక వైపే చూస్తూ, "చేత్తో రాయాలిగా బావా" అన్నాడు. "రాస్తంటే సత్తయ్య బావ పేరే కనపడతంది."

పున్నమ్మ చేపలు కడుగుతూ అంతా వింటోంది. తలెత్తకుండానే అంది.

"కాయితం మీద రాసినంత మాత్రాన ఆయన మళ్లీ చచ్చిపోడుగా. రాసెయ్యిరా. రాసి పాసవ్వు."

సోమవారం ధనరాజు క్లాసుకొచ్చాడు. మేస్టారు అదే లెక్క మళ్లీ బోర్డు మీద వేసి, ఈసారి చాలా నెమ్మదిగా చెప్పారు. రత్నరాజు ఆయన్ని వసారాలోకి తీసుకెళ్లి సత్తయ్య పోగు సంగతంతా చెప్పాడు. ఆయన విని, "ఊఁ" అని, చాక్‌పీసు కోసం వెళ్లిపోయారు.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. ధనరాజు నా ముందు వరసలో కూర్చున్నాడు. మేం కలాలు కదిలిస్తుంటే అతని కలం ఒకచోట ఆగిపోయింది. అతని వీపునే చూస్తూ నా లెక్క నేను మర్చిపోయాను. రాయి అన్నయ్యా, రాసెయ్యి అని నాలో నేను ప్రార్థన చేసుకున్నాను. లెక్కల పరీక్షలో అంత ప్రార్థన చేసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. చాలాసేపటికి భుజం కదిలింది. బయటికొచ్చాక అతను తిన్నగా పంపు దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా కడుక్కున్నాడు.

"మూసేశాను చెల్లెమ్మా" అన్నాడు.

ముగ్గురం పాసయ్యాం. నాకు ఫస్టు క్లాసు వచ్చింది, మా ఆయన గట్టెక్కాడు. ఆ ఏడాదే ఆయన మిల్లు అకౌంటెంటయ్యాడు. ధనరాజు సంఘం కార్యదర్శి అయ్యాడు. మొదటి సమావేశంలోనే సత్తయ్య పోగు తీర్మానంగా రాసుకున్నారు. బయటవాళ్లెవరూ వచ్చి చేతులు లెక్కపెట్టలేదు.

క్లాసు అయిపోయినా శనివారాలు అయిపోలేదు. సంఘం పనిమీద బందరు వచ్చిన ధనరాజు మేడ ఎక్కేవాడు. రత్నరాజు బండి దిగి నేరుగా అక్కడికే వచ్చేవాడు. నేను ఆసుపత్రి నుంచి వెళ్లేదాన్ని. మేస్టారు కొత్త బాచ్‌ని కాసేపు ఆపి మాకోసం గోడవైపు తిరిగేవారు. ఆ కొత్తవాళ్లు మమ్మల్ని వింతగా చూసేవాళ్లు. చూడనీ అనుకునేదాన్ని. నా జీవితంలో ఎవరేమనుకున్నా పట్టించుకోని చోటు అదొక్కటే.

అరవై ఆరులో రత్నరాజుకి కామెర్లు వచ్చాయి. నేను పనిచేసే ఆసుపత్రిలోనే, నేను చీటీ రాసిన మందులతోనే వైద్యం జరిగింది. ఆయన దక్కలేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

చాలా వారాలు మేడవైపు వెళ్లలేదు. పాసింజరు బండి కూత వినిపిస్తే కిటికీ తలుపు వేసుకునేదాన్ని. ఒక శనివారం ఆసుపత్రి నుంచి వస్తుంటే కాళ్లు వాటంతటవే గొడుగుపేట తిరిగాయి. మెట్లెక్కాను.

ధనరాజు నన్ను చూసి వసారాలో చాప పరిచాడు. చందువలు. పోగులు పెట్టడం మొదలెట్టాడు. ఒకటి, రెండు. రెండు చాలనుకున్నాను. మూడోది కూడా పెట్టాడు. అలవాటు కొద్దీ పెట్టాడనుకుని, ఆపమని చెప్పబోయాను. ఈలోగా మేస్టారు లేచారు.

మేస్టారు బాగా ముసలాయన అయిపోయారు. ఉత్తరీయం ముక్కుకి కట్టుకునేసరికి ముడి రెండుసార్లు జారింది. గోడవైపు తిరిగారు. ధనరాజు ఒక పోగు మీద చెయ్యి వేశాడు.

"ఇదెవరికండి?"

"ధనరాజుకి."

"ఇదెవరికండి?"

"భాగ్యమ్మకి."

మూడో పోగు మీద ధనరాజు చెయ్యి పడింది. పేర్లు అయిపోయాయి కదా, ఈయన ఏం చెబుతారు అనుకున్నాను. పోయినవాడి ఖాతా మూయాలని బోర్డు మీద మాకు రెండుసార్లు రాసి చూపించిన మనిషి ఆయన.

"ఇదెవరికండి?" అన్నాడు ధనరాజు మళ్లీ.

మేస్టారు ఒక చెయ్యి గోడకి ఆనించుకున్నారు.

"రత్నరాజుకి" అన్నారు.

కింద ఎవరో సోడా కొట్టారు. నేను పమిట చెంగు పట్టాను. ధనరాజు రెండు పోగులూ అందులో వేశాడు.

మేస్టారు ఇటు తిరగలేదు. గోడకేసి చూస్తూనే, ఎప్పటిలాగే అడిగారు.

"అందరికీ అందాయా?"

"అందాయండీ" అన్నాను. "మా ఇద్దరికీ అందాయి."