గోనెలో పడని గ్లౌజులు

సరుకు కొనే విదేశీ దొర కారు గేటు దాటిందో లేదో, సూపర్వైజరు గోనెసంచీ ఈడ్చుకుంటూ షెడ్డులోకి వచ్చాడు.

"తియ్యండి, తియ్యండి! గ్లౌజులు ఇందులో పడెయ్యండి. మళ్లీ దొరగారు వచ్చినప్పుడు ఇస్తాం."

పొద్దున మాకవి తొడిగించి ఆయన ముందు నిలబెట్టారు. రొయ్యలు వలిచే చేతులకు రబ్బరు తొడుగులు! పెళ్లికూతుళ్లలా ఉన్నారని ఓనరు మురిసిపోయాడు కూడా.

ఆ దొర దేశంవాళ్లు మన సరుకు మీద సుంకం ఎత్తేసిన రోజు ఇదే ఓనరు మాకు మిఠాయి పంచాడు. "తలుపులు తెరుచుకున్నాయమ్మా! ఇక మీ బతుకులు మూడు పువ్వులు, ఆరు కాయలే" అన్నాడు. ఎగుమతి పెరిగిన మాట నిజమే. పక్కన ఇంకో షెడ్డు లేచింది. మాకు మాత్రం చాకిరీ పెరిగింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! పొద్దస్తమానం ఐసులో నానే చేతులకు రొయ్య ముల్లు గుచ్చుకుని చీము పట్టేది. మా వదిన చూపుడువేలు నల్లబడింది. ఇంకా తడి తగిలితే వేలు తీసెయ్యాల్సిందేనన్నాడు డాక్టరు. పని మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు.

సంచీ వదిన ముందు ఆగింది.

"నేనివ్వను."

"ఏం, మీ బాబు సొమ్మా?"

"మీ బాబుదీ కాదు. మా చేతులు చూపించి ఆర్డరు తెచ్చుకున్నారు. చేతులకే ఉంటాయివి."

"పని ఊడుద్ది, చూసుకో!"

పక్కనున్న ముసలి పిన్ని బెదిరిపోయింది. "ఇచ్చెయ్యవే తల్లీ. ఆర్డరు పోతే మన పొట్ట మనమే కొట్టుకున్నట్టు."

"వేలు పోయాక ఏ చేత్తో తినను పిన్నీ? నీ చెయ్యి ఒకసారి చూసుకో."

పిన్ని చూసుకుంది. సగం ఊడదీసిన గ్లౌజును మళ్లీ మణికట్టు దాకా లాక్కుంది. అంతే, వరసలోని మేమందరం చేతులు వెనక్కి పెట్టుకున్నాం. బల్లల మీద ఐసు కరుగుతోంది. బయట కంటెయినరు లారీ సరుకు కోసం కాచుకుని ఉంది.

ఓనరు పరుగెత్తుకొచ్చాడు. "సరుకు కుళ్లిపోతుందే! ఓడ వెళ్లిపోతుందే!"

"మా చేతులు కుళ్లినప్పుడు ఇంత పరుగు లేదేం బాబూ?" అంది పిన్ని. ఆ మాటకి నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

పోలీసులొచ్చారు. ఫ్యాక్టరీ సొత్తు దొంగిలించారని వదినకీ పిన్నికీ బేడీలు వెయ్యబోయారు.

"ముందు ఆ గ్లౌజులు తియ్యి" అన్నాడు పోలీసు.

"పైనే వెయ్యండి. దొంగసొత్తంటున్నారుగా, సాక్ష్యం ఉండొద్దూ?" అంది వదిన.

వ్యాను వెళ్లిపోయింది. మేం బల్లల దగ్గరికి పోలేదు. గేటుకి అడ్డంగా లారీ ముందు కూర్చున్నాం. ఓనరు తిట్లు ఇంకా ఆగలేదు. అంతలో కొత్త షెడ్డు తలుపు భళ్లున తెరుచుకుంది. లోపలి ఆడవాళ్లందరూ పుండ్లు పడ్డ వట్టి చేతులు పైకెత్తి బయటికొస్తున్నారు.

"మా గ్లౌజులేవి?"