అంచు వెంబడి మొలిచినవి

...ఏమీ మొలవకూడని చోట మొలిచింది, అదే కదా గొడవంతా, మందు కలిపిన జెల్లీ మీద మరిగించి చల్లార్చిన శుద్ధమైన నీటి చుక్క మాత్రమే పూసిన ప్లేటు, దాన్ని కంట్రోల్ అంటారు, ఖాళీగా ఉండటమే దాని ఉద్యోగం, అది ఖాళీగా ఉంటేనే మిగతా ప్లేట్లు చెప్పేది నిజం, అలాంటిది దాని అంచు చుట్టూ తెల్లటి సన్నటి చుక్కలు, ముత్యాల్లా, నీహారిక దాన్ని దీపం కింద తిప్పింది, మళ్ళీ తిప్పింది, తిప్పితే పోతాయా, మధ్యాహ్నం పైఅంతస్తులో ఇంటర్వ్యూ, పీహెచ్‌డీ సీటు ఒక్కటే, ఆ సీటు కోసం తను రాసి పంపిన మాటా ఒక్కటే, ఖాజాగూడ చెరువు నీళ్ళలో వాంకోమైసిన్‌కి చావని బ్యాక్టీరియా దొరికిందని, వాంకోమైసిన్ అంటే మిగతా మందులు చేతులెత్తేశాక ఐసీయూలో డాక్టర్లు బయటికి తీసే మందు, దానికీ చావనిది మన చెరువులో ఉందంటే ఎవరైనా కుర్చీలో ముందుకి జరుగుతారు, జరిగారు కాబట్టే పిలుపొచ్చింది, ఇప్పుడు అవే తెల్ల చుక్కలు చెరువు నీళ్ళు తగలని ప్లేటులోనూ తిష్ఠ వేశాయి, అంటే అవి చెరువులోంచి రాలేదు, ఈ గదిలోంచే ఎక్కడి నుంచో దూరాయి, ఎవరో దూర్చారు.

అయిపోయావ్ తల్లీ, అన్నాడు శ్యామ్ భుజం మీంచి తొంగిచూసి, ఇదే ల్యాబులో పీహెచ్‌డీ మూడో ఏట్లో ఉన్న సీనియర్, ప్రతిదానికీ ఒక అడ్డదారి రెడీగా ఉంటుంది అతని దగ్గర, సింపుల్, కంట్రోల్ ఫొటో స్లైడ్లలో పెట్టకు, చెరువు ప్లేట్లు చూపించు, ఎవరైనా గట్టిగా అడిగితే హౌస్‌కీపింగ్ వాళ్ళు తడిగుడ్డతో ముట్టుకున్నారని చెప్పు, వాళ్ళ మీద పెడితే ఎవరూ ఎదురడగరు, అన్నాడు, చెత్తబుట్టలో సంచి మారుస్తున్న సత్తెమ్మ నడుం ఎత్తి చూసింది, ఏంది సారూ గిట్లంటవ్, ఆ ప్లేట్ల పెట్టె జోలికే నేను పోను, ముట్టొద్దని బొమ్మ పెట్టిన్రు కదా, బిడ్డా నీహారికమ్మా, జర నా పేరు ఎత్తకు, కాంట్రాక్టరు చెవుల పడ్డదంటే రేపటి సంది రాకంటడు, అంది, లేదు సత్తెమ్మా నేను చెప్పను అంది నీహారిక, అంటుంటేనే తన గొంతు తనకే పల్చగా వినపడింది, సీటు పోతుందనుకున్నప్పుడు మనిషి ఏం చెప్తుందో ముందే ఎవరికి తెలుసు.

అందుకే కదా మొన్న ఈ చుక్కలు మొదట కంటపడగానే నలుగురు అనుమానితుల్ని నాలుగు ప్లేట్లలో కూర్చోబెట్టింది, పోలీసులు వరసలో నిలబెట్టినట్టు, మొదటి నిందితుడు మందే, పొడి పాతబడి పనిచేయడం మానేసిందేమోనని బలహీనమైన బ్యాక్టీరియా మీదికి వదిలితే శుభ్రంగా తుడిచిపెట్టింది, మందు నిర్దోషి, రెండోది నీళ్ళు, ఆ ప్లేటు అద్దంలా ఉంది, మూడోది సత్తెమ్మ గుడ్డ, అందులో పసుపుపచ్చ మరకలేవో పాకాయి గానీ తెల్ల ముత్యం ఒక్కటీ లేదు, సత్తెమ్మ కూడా నిర్దోషి, నాలుగో ప్లేటు ఇంకా మూత తీయలేదు, అడుగున మార్కరుతో రాసిన అక్షరం కనపడకుండా బల్లకి ఆనించి పెట్టుకుంది, ఎందుకంటే ఆ నాలుగోదాన్ని అనుమానించడానికి కారణం చేతిలోని ఈ ప్లేటే చెబుతోంది, నీటి చుక్క పూసింది మధ్యలో, మొలిచింది అంచున, బొటనవేలూ చూపుడువేలూ పట్టుకునే చోట, అంటే గాల్లోంచి రాలేదు, నీళ్ళలోంచి రాలేదు, వేళ్ళతో వచ్చింది, తన గ్లవ్స్ వేళ్ళతో, మరి ఆ వేళ్ళు అంతకుముందు దేన్ని తాకాయి.

మూలన ఉన్న పాత ఇంక్యుబేటర్ని, ఒంటి వేడిలో ఉండే ఇనప పెట్టె, ప్రయోగాలకి ఎవరూ వాడనిది, కొత్తది చెడిపోయినప్పుడు ప్లేట్లన్నీ అందులోకే మార్చారు, కింది అరలో ప్లేట్లు, పై అరలో, దేవుడా, పై అరలో స్టీలు డబ్బా, అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి ఎవరి కళ్ళకీ ఆనలేదు, గోడ గడియారం ఆననట్టు, చలికాలం వస్తే ఈ ల్యాబుకి పెద్దదిక్కైన వసంత మేడమ్ ఇంట్లో పెరుగు తోడుకోదు, పద్దెనిమిదో అంతస్తు, కిటికీలు మూసినా చలే, పొద్దున్న పాలు తెచ్చి తోడేసి ఆ పెట్టెలో పెడితే లంచ్‌కి గడ్డకట్టి ఉంటుంది, ఆ పెట్టె తలుపు మీద తినుబండారాలు పెట్టరాదు అని కాగితం, కింద సంతకం మేడమ్‌దే, అందరికీ తెలిసిన జోకు, అందరూ తిన్న పెరుగు, తనూ రెండు గరిటెలు ఎక్కువే వేసుకుంది, మూత వదులు, నీటితేట కింది అర మీదికి జారి ఎండి మళ్ళీ జారి, పుల్లటి వాసన, ఆ అర మీదినుంచే కదా తను రోజూ ప్లేట్లు తీసింది.

ఇంకా ఘోరం, ఆ పెరుక్కి తోడు ఎక్కడిదని, తన లంచ్ బాక్సులోదే, నీ పెరుగు చాకుతో కోయొచ్చే నీహారికా, మీ అమ్మగారిని అడిగి కాస్త తోడు తెచ్చిపెట్టవూ అంది మేడమ్ ఒకరోజు, సాయంత్రం ఇంటికెళ్ళి చెబితే అమ్మ పుణ్యవతి మొహం వెలిగిపోయింది, అంత పెద్ద మేడమ్ గారు మన తోడు అడిగారా, కానీ దీపాలు పెట్టాక పెరుగు గుమ్మం దాటకూడదే, పొద్దున్నే ఇస్తానులే, అడిగినవాళ్ళకి తోడు లేదనకూడదు, ఇది మా అమ్మ బందరు నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన తోడు, ఒక్క పూట కూడా తెగలేదు, అని చిన్న గిన్నెలో పోసి మూత మీద గుడ్డ కట్టింది, ఒక గిన్నెలోంచి ఒక చెంచా, ఆ గిన్నెలోంచి మరో చెంచా, అమ్మమ్మ అంతకుముందు ఎవరిని అడిగి తెచ్చుకుందో, ఆవిడ ఎవరిని అడిగిందో.

నాలుగో ప్లేటు తిప్పింది, పె అని రాసి ఉంది, మూత తీసింది, నిండా ముత్యాలు.

రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది, కంట్రోల్ అంచున మొలిచింది ఒక గాజు పలక మీద, పెరుగులోది ఇంకోదాని మీద, ఊదారంగు పూసలు, జంటలుగా, పొట్టి పొట్టి గొలుసులుగా, ఇది అదో అది ఇదో చెప్పలేనట్టు, పక్కాగా తేలాలంటే జన్యువు చదివించాలి, కానీ ఆమె ఊపిరి బిగపట్టింది భయంతో కాదు, ఎప్పుడో చదివిన పేజీ కళ్ళ ముందు లేచి నిలబడినందుకు, వాంకోమైసిన్ బ్యాక్టీరియా గోడకుండే కొక్కేన్ని పట్టుకుని చంపుతుంది, పెరుగులో ఉండే కొన్నిటి గోడకి ఆ కొక్కెం పుట్టుకతోనే వేరు, మందుకి పట్టు దొరకదు, జారిపోతుంది, ఏ ఆసుపత్రిలోనూ నేర్చుకున్న విద్య కాదది, ఎవరో మాత్రలు సగంలో ఆపేస్తే వచ్చింది కాదు, మనుషులు మందు అనే మాట పుట్టించక ముందే ఉంది, ఆ మాటకొస్తే ఆ మందు కూడా మనిషి సొంతం కాదు, మట్టిలో ఒక సూక్ష్మజీవి ఇంకోదాని కోసం చేసుకున్న ఆయుధం, మనం మొన్న మొన్న వచ్చి చూసినవాళ్ళం, కిటికీ అవతల రాయదుర్గం స్టేషన్లో మెట్రో ఆగింది, జనం దిగుతున్నారు, బండరాళ్ళు తొలిచి లేపిన అద్దాల మేడల్లోకి మెడలో ట్యాగులు ఊపుకుంటూ పోతున్నారు, ఒక్కో బ్యాగులో ఒక్కో డబ్బా, డబ్బా అడుగున పెరుగన్నం, ఐసీయూ మందుకి తల వంచని కోట్లాది ప్రాణాలు ఎవరికీ ఏ హానీ చేయకుండా మూతల కింద ప్రయాణం చేస్తున్నాయి, ఆమె ఒంటి మీద రోమాలు లేచాయి, గుడిలో కూడా ఎప్పుడూ ఇలా లేవలేదు.

పైఅంతస్తులో చలి, పొడుగు బల్ల, మధ్యలో తెల్లజుట్టు చైర్మన్, ఆయన ఎడమ పక్కన వసంత మేడమ్, ఈమె మా ల్యాబ్‌లో ఆణిముత్యం సర్ అని నవ్వుతోంది, ఆ చెరువు స్లైడ్ చూపించవే, అంది, నీహారిక వేలు బటన్ మీద ఆగింది, ఇది నొక్కితే సీటు, దాని పక్కది నొక్కితే, ఏమో, పక్కదే నొక్కింది, తెర మీద కంట్రోల్ ప్లేటు, గోడంత పెద్దగా, అంచు చుట్టూ ముత్యాలు, నేను రాసి పంపింది తప్పు సర్, చెరువులో దొరికిందన్నది చెరువుది కాదు, అంది, చైర్మన్ కళ్ళజోడు తీసి, మరి ఈ ల్యాబులోకి ఎలా వచ్చిందమ్మా, ఎవరి పని ఇది, అన్నాడు, మేడమ్ గబుక్కున అందుకుంది, పాపం ఆ పిల్ల తప్పేం లేదు సర్, హౌస్‌కీపింగ్ వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా తడిగుడ్డలు తెస్తూనే ఉంటారు, ఆ సత్తెమ్మని మార్పించేస్తాను, ఆమె గొంతులో ప్రేమే ఉంది, తనని కాపాడాలన్న తొందరే ఉంది, ఎదురు చెబితే ఈ మేడమ్ కిందే ఐదేళ్ళు ఎలా, అసలు మేడమ్ కిందకి రానిస్తారా, గుడ్డ ప్లేటు ఫొటో కూడా ఉంది, పసుపు మరకలు, జర నా పేరు ఎత్తకు బిడ్డా, ఇంతలో మనసులో పరుగెత్తుతున్నవన్నీ ఒక్కసారి సద్దుమణిగాయి, పాలలో తోడు వేశాక కదపకుండా వదిలేస్తే నెమ్మదిగా గట్టిపడినట్టు, మందుకి లొంగని మొండితనం మన మీదికి కొత్తగా దండెత్తి వచ్చిన శత్రువు కాదు, అది మనకంటే ముందు నుంచీ మన కంచంలోనే ఉంది, ఏది పాతదో ఏది మనం పుట్టించిందో విడదీసి చెప్పగలగడమే అసలు చదువు, ఆ చదువు ఈ గదిలో ఇప్పుడే మొదలవ్వాలి, ఈ సీటులోనైనా, ఏ సీటూ లేకపోయినా.

సత్తెమ్మ కాదు సర్, అంది నీహారిక, వసంత మేడమ్ కళ్ళలోకి చూస్తూ, పాత ఇంక్యుబేటర్లో మేడమ్ డబ్బా, అందులో మా అమ్మ తోడుతో పేరుకున్న పెరుగు.