మర్డో బకెట్

పుస్తకాల పండగ రోజు పొద్దున హెలసే దీవిలో ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. ఇంటికో బకెట్ పీట్ పెళ్లలు, కట్టెల్లా మండే ఎండు మట్టిగడ్డలు, గుమ్మం ముందు పెడితే లాఖ్లన్ ట్రాక్టర్ మీద వచ్చి ఎత్తుకుపోతాడు. గుమ్మం ముందున్న బకెట్ పండగ జరిగే హాలుది. అడిగేది లేదు, చెప్పేది లేదు. పండక్కి వచ్చిన రచయితలు సెప్టెంబరు చలికి కొంకర్లు పోకుండా మూడు రోజులూ హాల్లో పొయ్యి మండాలి కదా!

హాలుకిచ్చేవి మాత్రం నోరు మూసుకుని కోసిన పెళ్లలై ఉండాలి. మే నెలలో బురదనేల నుంచి పీట్ కోసేటప్పుడు పక్కన ఏం మాట్లాడితే అది పెళ్లలో ఉండిపోతుంది, కాల్చినప్పుడు బయటికొస్తుంది. అందుకే ఆలుమగలు తగాదాలన్నీ ఇంట్లోనే తేల్చుకుని కోతకు వెళ్తారు. ఒకసారి పాస్టరుగారి పొయ్యి ఆయన తిట్లన్నీ అతిథుల ముందు వరసగా అప్పజెప్పింది. మర్నాడే ఆయన గ్యాస్ పొయ్యి పెట్టించుకున్నాడు.

ఎఫీ వంటింట్లో ఒక బకెట్ ఉంది. రెండేళ్ల కిందట ఆమె మొగుడు మర్డో ఆఖరిసారి కోసిన పెళ్లలు తొమ్మిది, కోసిన వరసలోనే అందులో పేర్చి ఉన్నాయి. ఆ ఆగస్టులో పక్షవాతం వచ్చి అతని మాట పడిపోయింది. ఇప్పుడు కర్రతో నేలను ఒకసారి కొడితే కాదని, రెండుసార్లు కొడితే అవునని.

మాట పోకముందు దీవిలో కథలు చెప్పేవాడంటే మర్డోనే. సముద్రానికి తలుపు అరువిచ్చిన ఆడమనిషి కథతోనే ఏటా పండగ ముగిసేది. ఆ కథ వినని మనిషి లేడు, చెప్పేందుకు మాత్రం ఎవరికీ హక్కు లేదు. హెలసేలో కథ ఒకరిది. ఆ ఒకరు నోరారా "నీకిచ్చాను" అంటే తప్ప రెండోవాళ్లు చెప్పకూడదు. మర్డో ఎవరికీ ఇవ్వలేదు. ఇక ఇవ్వలేడు కూడా. ఆఖరి రోజు కోతలో అతను ఆ కథే చెప్పాడు కాబట్టి, అది మిగిలిందల్లా ఆ బకెట్లోనే.

పండగ నడిపే షీనా వారం ముందే వచ్చి అడిగింది.

"ఎఫీ అక్కా, ఆ బకెట్ హాల్లో కాలుద్దాం. జనం ఇంకొక్కసారి వింటారు."

"రికార్డు చేసుకుందామనా? అందులో మంట చిటపటలే పడతాయి, గొంతు పడదు."

"రికార్డుకి కాదక్కా, వినడానికే."

"నీ పండక్కి మా ఆయన గొంతు తగలబెట్టమంటావా? పో పో, టీ తాగి మరీ పో."

ఇవ్వనిది పంతం కొద్దీ కాదు. ఇల్లు మరీ మూగబోయిన రోజున ఒక్కో పెళ్లా కాల్చుకుని వినాలని దాచుకుంది. కాలితే ఇక బూడిదే.

ఆ పొద్దున వంటిల్లు తుడుస్తూ, తడి తగలకుండా ఆ బకెట్‌ను ఒక్క నిమిషం గుమ్మం బయట పెట్టింది. హాలు కోసం తీసిన బకెట్ ఇంకా కొట్టం వెనకే ఉంది. ట్రాక్టర్ చప్పుడు విన్నది కూడా. చేతిలో తడిగుడ్డతో బయటికొచ్చేసరికి గుమ్మం ఖాళీ.

మర్డోను వదిలి పరుగెత్తడం కుదరదు, అతనితో కలిసి పరుగెత్తడమూ కుదరదు. చెయ్యి పట్టుకుని, ఈదురుగాలిలో మైలు దూరం నడిపించుకుంటూ, దారి పొడుగునా లాఖ్లన్‌ను తిట్టుకుంటూ వెళ్లింది.

వాళ్లు హాల్లో అడుగుపెట్టేసరికి గ్లాస్గో నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ వేదిక మీద ఉంది. ఒక భాషకు ఆఖరి మనిషి పోతే ఏం మిగులుతుందన్నది ఆవిడ ప్రసంగం. సరిగ్గా అప్పుడే పొయ్యి గొంతు సవరించుకుంది.

"ఒక చలికాలం సముద్రం వచ్చి ఓ విధవరాలి తలుపు తట్టింది..."

మర్డో గొంతు. ప్రొఫెసరమ్మ కాగితాలు మడిచి, దిగొచ్చి ముందు బెంచీలో చోటు చూసుకుని కూర్చుంది. ఎఫీ పటకారు అందుకుంది.

పొయ్యిలో పెళ్లలు వేస్తున్న లాఖ్లన్ ఒకడుగు వెనక్కేశాడు. "అత్తా, గుమ్మంలో ఉంటే..."

"నోర్ముయ్! ఇంకా ఎనిమిదున్నాయి. ఇంటికి పట్టుకుపోతా."

మర్డో కర్ర ఒక్కసారి నేలను కొట్టింది. కాదని. ఆమె మణికట్టు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పటకారు ఒళ్లో పెట్టుకుని, పెళ్ల వెనక పెళ్ల పొయ్యిలోకి పోవడం చూస్తూ కూర్చుంది ఎఫీ.

మునిగిపోయినవాళ్లు ఇళ్లకు రావడానికి పడవ లేదని, నీ తలుపు ఇమ్మని సముద్రం అడిగింది. ఆమె ఇచ్చింది. చలికాలమంతా తలుపులేని ఇంట్లో గడిపింది. వసంతం వచ్చింది. ఆఖరి పెళ్ల అంటుకుంది. కథ ఆగింది. పార బురదలో దిగిన చప్పుడు, గాలి.

"ఎఫీ, ఈ కథ నీకిచ్చాను. ముగింపు నువ్వే చెప్పు."

పొయ్యిలోంచే, దూరంగా, ఆనాటి ఎఫీ గొంతు. "ఏంటీ? ఇక్కడ పెళ్లలు పరుస్తున్నా. గాలికి ఒక్క ముక్కా వినబడట్లా!"

"ఏం లేదులే. నిదానంగా వింటావు."

పొయ్యి ఊరుకుంది.

రెండొందల మంది మెడలు ఎఫీ వైపు తిరిగాయి. పది మందిలో నోరు విప్పి ఎరగని మనిషి. మర్డో వైపు చూసింది. దొంగ ముసలాడు! ఆవేళే చెప్పాడు, తను వినలేదు, అతను రెండేళ్లు ఓపిక పట్టాడు. కర్ర రెండుసార్లు మోగింది.

ఎఫీ లేచింది. నడుముకు వంటింటి ఏప్రన్ ఇంకా ఉంది.

"సముద్రం తలుపు తిరిగి తెచ్చింది," అంది, ఏప్రన్ అంచు గట్టిగా పట్టుకుని. "ఆమె దాన్ని తిరగేసి బిగించింది..."

కర్ర ఒక్కసారి.

"ఆ ఆ, ముందు కెటిల్ పొయ్యి మీద పెట్టింది. తర్వాతే బిగించింది. సరేనా?"

రెండుసార్లు. హాలంతా నవ్వింది. ఎఫీ ఏప్రన్ అంచు వదిలేసింది.

"తిరగేసి బిగించాక బయటున్నదంతా లోపలైపోయింది. అప్పట్నుంచి సముద్రం మీద ఎవరు ఎంత దూరం పోయినా, ఆమె ఇంట్లో ఉన్నట్టే."

మరుసటి మే నెలలో కోతకు వెళ్లినప్పుడు పార ఎఫీ పట్టుకుంది. మర్డో గట్టు మీద కూర్చుని బాగున్న చేత్తో పెళ్లలు అందుకున్నాడు. ఆమె మొదటి పెళ్ల నుంచి ఆఖరి పెళ్ల దాకా నోరు మూయలేదు. తప్పు చెప్పినచోటల్లా కర్ర గట్టును కొట్టింది, ఆమె తిట్టి సరిదిద్దుకుంది.

చలికాలంలో మొదటి పెళ్ల వెలిగించి ఇద్దరూ పొయ్యి ముందు కూర్చున్నారు. మంటలోంచి ఆమె గొంతు వచ్చింది, మధ్య మధ్య ఠక్‌మని అతని కర్ర.